నల్లగుడ్డ కింద సముద్రం

1983 జులై 18, సోమవారం

నా పేరు మల్లవ్వ. వరంగల్ కాశిబుగ్గలో పుట్టాను, కాశిబుగ్గలోనే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ముసలిదాన్నయ్యాను. అక్షరం రాదు. రాత్రిబడి పంతులమ్మ వరలక్ష్మి పలక పట్టుకుని ఎంత నా వెంట తిరిగినా నేర్చుకోలేదు. నిన్న నేనే ఆమె ఇంటికి పోయి, "నాకు నేర్పుడు ఇడిసిపెట్టు బిడ్డా, నేను చెప్పింది రాసిపెట్టు" అన్నాను. ఒప్పుకుంది. నేను చెప్తాను, ఆమె రాస్తుంది, మళ్లీ నాకే చదివి వినిపిస్తుంది. ఇంకెవరికీ కాదు.

ఎందుకంటే వచ్చే అమావాస్యనాడు నేను కులపెద్దల ముందు నిలబడాలి. అమావాస్యకు మా వాడలో మగ్గాలన్నీ ఆగుతాయి, అందరికీ తీరిక, అందుకే పంచాయితీలు ఆ రోజే పెడతారు. నాకు కోపమొస్తే మాట వరస తప్పుతుంది, తిట్లే ముందు వస్తాయి. ఆ రోజుకు నా మాట నాకు దొరకాలి.

నా మీద వేసిన నింద ఇది. నా కొడుకు బిడ్డ సారలమ్మకు నేనే బాణామతి చేస్తున్నానట. పిల్ల చేతి మీద గీతలు నా మంత్రంతోనే లేస్తున్నాయట.

సారలమ్మను కనగానే తల్లి పోయింది. తండ్రి, అంటే నా కొడుకు, భివండిలో మరమగ్గాల మీద ఉన్నాడు. పెంచింది నేనే. పోయిన మాఘంలో మడికొండ పిల్లవాడు వెంకట్రాజానికి ఇచ్చి చేశాను. దాని చేతి మీద గీతలు చూసి, ఏదో గాలి సోకిందని భయపడి, ఆషాఢం రాకముందే మిరుగం కార్తె వానలకే అత్త యాదవ్వ దాన్ని నా దగ్గరికి పంపింది. తర్వాత ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త కోడలు, అత్త ఒక గడప దాటొద్దు కదా, అందుకని ఇక్కడే ఉండిపోయింది.

మొన్న శనివారం పగటిపూట యాదవ్వ సర్వపిండి చేసుకుని బస్సెక్కి వచ్చింది. కోడలి మీద ప్రేమ లేనిది కాదు. గడప దాటొద్దు కాబట్టి కిటికీ దగ్గరికి వచ్చి, ఊచల సందులోంచి డబ్బా అందిద్దామని తొంగి చూసింది. ఆమెకు ఏం కనిపించిందో నేను చెప్పగలను. నల్లగుడ్డ కింద తల పెట్టి కూర్చున్న కోడలు. గుడ్డ బయటికి వచ్చిన ఎడమ చెయ్యి, ఆ చేతి మీద గీతలు. వీపు మీద అరచెయ్యి వేసి ఏదేదో గొణుగుతున్న ముసలిది.

"ఓ వాడకట్టోళ్లు! ఉరికి రాండ్రి! ముసల్ది నా కోడలికి బాణామతి చేస్తాంది!"

నేను చేతికందిన చీపురు పట్టుకుని బయటికి వచ్చాను.

"ఏం చూసినవే? లోపలికి రా! వచ్చి గుడ్డ లేపి చూడు!"

"నేనెట్లొస్త? ఆషాఢంల గడప దాటితే నా కొడుక్కు కీడు గాదా? నా కొడుకును గూడ మింగుతవా?"

ఆమె రాలేదు. కిటికీకి, నల్లగుడ్డకు మధ్య దూరం ఒక మంచమంత. లోపలికి వచ్చి గుడ్డ లేపి ఉంటే, దాని కింద ఉన్నది పాత బయస్కోపు డబ్బా అని తెలిసేది. కిటికీలోంచి చూసినదానికే తీర్పు చెప్పి, సర్వపిండి డబ్బా పట్టుకుని వెనక్కి పోయింది.

నాకేం భయం లేదు. అది రాయి.

1983 జులై 19, మంగళవారం

ఈ రోజు ఏమీ చెప్పను. వాన. పంతులమ్మ చాయ్ తాగి పోయింది.

1983 జులై 21, గురువారం

డబ్బా గురించి రాయి. అమావాస్యనాడు పెద్దలు అడిగే మొదటి మాట అదే.

నా పెనిమిటి కైలాసం నేతగాడే. నూలు దొరకని రోజుల్లో మగ్గం నమ్ముకుంటే పొయ్యి వెలగదని ఈ డబ్బా కొని జాతరల వెంట తిరిగాడు. ఆయన పోయాక నేను తిరిగాను. మేడారం జాతరలో ఆడది బయస్కోపు చూపెట్టడమేందని నవ్వినవాళ్లే వరసలో నిలబడి చూశారు. చుట్టూ అద్దాల కన్నాలు, లోపల బొమ్మల చుట్ట, పైన తిప్పే పిడి. మీద నల్లగుడ్డ, వెలుతురు పక్క నుంచి రాకుండా. గుడ్డ కప్పుకుని కన్ను ఆనిస్తే జాతర పోతుంది, దుమ్ము పోతుంది, అరుపులు పోతాయి. చార్మినార్ నీ ముక్కు ముందర ఉంటుంది. కాశీ గంగ మెట్లు, పొగబండి, బొంబాయి సముద్రం. బొమ్మ ఒక్కటే ఉంటే సరిపోదు. చెప్పేదాని గొంతు ఉండాలి. గొంతు చెప్పుకుంటూ పోతే చూసేవాడికి బొమ్మ కదులుతుంది.

ఊరికో సినిమా వచ్చాక డబ్బా అటక ఎక్కింది. కిందికి దించింది ఈ పిల్ల కోసమే.

నేను ఏమని గొణుగుతున్నానని అడిగితే ఇదీ చెప్పాలి: పొగబండి వస్తాంది బిడ్డా, జర పక్కకు జరుగు, అంటున్నాను. ఇది మంత్రమైతే మేడారం పోయినవాళ్లందరికీ బాణామతి తగిలినట్టే.

1983 జులై 22, శుక్రవారం

పంతులమ్మ తలుపు వేసి వచ్చింది. ఈ ముచ్చట ఎవరి చెవిన పడొద్దు.

మిరుగం వానలకు పిల్ల వచ్చినప్పుడు చేతినిండా గాజులు వేసుకుని వచ్చింది. తలకు నూనె పెడతానంటే కూర్చుంది, చేతులకు రాస్తానంటే లాక్కుంది. నేను మొండిదాన్ని. గాజులు పైకి తోశాను. కింద గీతలు. కొన్ని పాతవి, ఎండి తెల్లబడ్డవి. అంటే పెండ్లికి ముందువి. అంటే నా ఇంట్లో ఉన్నప్పటివి.

దేనితో చేసుకుంది, ఎట్లా చేసుకుంది, అది రాయకు. ఆ మాట కాగితం మీదికి రావద్దు.

"ఎవడన్న కొట్టిండా?" అన్నాను.

"లేదు."

"మొగడు?"

"పాపం ఆయననెందుకంటవ్. ఆయన మంచోడే."

"మరి అత్త తిండి పెడ్తలేదా?"

"పెడ్తది. ఎక్కువనే పెడ్తది."

"మరెందుకే?"

గాజులు మళ్లీ కిందికి లాక్కుంది. తర్వాత చెప్పింది. "లోపట మోత వస్తది నాయినమ్మా. అన్ని మగ్గాలు నా తలకాయల ఆడుతున్నట్టు. చేసుకుంటే ఆగుతది. జరసేపు."

దయ్యమా అనుకున్నాను. నేనూ ఈ వాడలోనే పుట్టాను కదా, నాకు మాత్రం ఇంకేం తడుతుంది. కానీ పంతులమ్మ దవాఖానకు పోదామంది, ముగ్గురం పోయాం. డాక్టరమ్మ చిన్నది, కళ్లద్దాలు. పిల్లను తిట్టలేదు. చెయ్యి చూసి అబ్బా అనలేదు. నన్ను బయట కూర్చోబెట్టి దానితో మాట్లాడింది, తర్వాత నన్ను పిలిచింది. "ఇది నాటకం కాదవ్వా, గాలి కాదు. తట్టుకోలేని బాధకు ఆమెకు దొరికిన దారి ఇది. తిట్టకు. ఒట్లు పెట్టించకు. ఆ మోత వచ్చినప్పుడు పక్కన మనిషి ఉండాలి. మనసు ఇంకో దిక్కు మళ్లి ఆ కొంచెంసేపు గడిస్తే దానంతట అదే దిగుతుంది. మందు ఆపొద్దు, చెప్పిన రోజుకు తీసుకురా" అంది.

ఇంకో దిక్కు అంటే ఏ దిక్కు? ఇంట్లో మగ్గం, పొయ్యి, నేను. బస్సులో వస్తుంటే నాకు అటక మీది డబ్బా గుర్తొచ్చింది.

బస్సు దిగాక పిల్ల నా కొంగు పట్టుకుంది. "ఎవరికి చెప్పకు నాయినమ్మా. ఆయనకు అసలే చెప్పకు." చెప్పనన్నాను. సమ్మక్క తల్లి మీద ఒట్టు వేశాను. దానికి ఒట్లు పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది గానీ, నన్ను వేయొద్దని చెప్పలేదు.

ఇదీ నాకు పడ్డ ముడి. నిజం చెప్తే ఒట్టు పోతుంది, పిల్ల బతుకు బజారున పడుతుంది. చెప్పకపోతే గీతలు నా ఖాతాలో పడతాయి.

1983 జులై 25, సోమవారం

పొద్దున కండెలు చుడుతూ చుడుతూ రాట్నం దగ్గరే చెయ్యి ఆపేసింది. ముఖం చూస్తే తెలుస్తుంది నాకు.

"వచ్చిందా?"

తల ఊపింది.

డబ్బా ముందు పీట వేశాను. గుడ్డ కప్పాను. వీపు మీద చెయ్యి వేశాను. జాతరలోనైతే బొమ్మలు గబగబా తిప్పేదాన్ని, వెనక వరస కాచుకుని ఉంటుంది కాబట్టి. దీనికి అట్లా పనికిరాదని మొదటి రోజే తెలిసింది. ఒకే బొమ్మ దగ్గర ఆగాలి. దానికి సముద్రం కావాలి.

"ఏం కనిపిస్తాంది?"

"నీళ్లు."

"ఏ రంగు?"

"రంగెక్కడిది, పాతబడ్డది. బూడిద రంగు."

"మబ్బు పట్టింది బిడ్డా, అందుకే. వాన రావట్టె. చెప్పులిడువు. ఇసుక తడిగున్నదా?"

"ఊఁ."

"అల వస్తాంది. కాలు తియ్యకు. తగలనియ్యి. సల్లగున్నదా?"

"... సల్లగున్నది."

"పోతాంది. కాలి కింద ఇసుక గుంజుకుంట పోతాంది సూడు. మళ్లొస్తది. రానియ్యి. ఒడ్డున మక్కకంకులు కాల్చేటిది కూసున్నది. ఎట్లున్నది ఆ మనిషి?"

"నీ లెక్కనే ఉన్నది. నోరు పెద్దది."

నవ్వింది. గుడ్డ కింద నుంచి నవ్వు వచ్చింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, గొంతు బొంగురు పోయేదాకా. చివరికి తానే గుడ్డ తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చెయ్యి బాగానే ఉంది.

"నాయినమ్మా, నువ్వు సముద్రం చూసినవా?"

"యాడ చూసిన? మేడారం దాటి యాడికన్న పోయిన్నా? జంపన్నవాగు చూసి చెప్తాన్న."

ఈ డబ్బా ఉన్నంతవరకు పిల్లకేమీ కాదు. అది రాయి పంతులమ్మా. ఎందుకు ఆగావు? రాయి.

1983 జులై 27, బుధవారం

నల్లా దగ్గర నేను పోతే బిందెలు జరుపుకుంటున్నారు. లక్ష్మీనర్సమ్మ, నా చేతుల మీద పురుడు పోసుకున్న మనిషి, మనవడి కళ్లకు కొంగు అడ్డం పెట్టింది. "ఏమే, నా కండ్లల నిప్పులున్నయా?" అన్నాను. "నీకెందుకు పెద్దమ్మా, పోరనికి ఎండ కొడ్తాంది" అంది. వాన పడుతోంది.

1983 జులై 30, శనివారం

కులపెద్ద సిద్దిరాములు వచ్చాడు. చెడ్డవాడు కాదు. తగవంటే భయపడే మనిషి పెద్దరికం చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటాడు. గడప బయటే నిలబడ్డాడు.

"లోపలికి రా సిద్దిరాములూ. ఆషాఢం నీకు గాదు."

"వద్దు చిన్నమ్మా. ఈడనే మంచిగుంది."

"భయమా?"

"భయం కాదు. మర్యాద." మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "చిన్నమ్మా, నా మాట ఇను. మడికొండోళ్లు గరమ్ మీదున్నరు. అక్కడి పోరగాండ్లు ఏమంటాండ్రో తెలుసా? బాణామతి చేసినోళ్ల పండ్లు రాలగొడితే మంత్రం పలుకదంట."

"రాలగొట్టుమను. ఉన్నయే మూడు. వాళ్లకు శ్రమ లేదు."

"నవ్వుడు ముచ్చట గాదు చిన్నమ్మా. పోయినేడు పక్క ఊర్ల ఒక ముసలమ్మను..." ఆగిపోయాడు. "నువ్వు ఒక్క మాట ఒప్పుకో. తెలియక చేసిన, నా బాణామతి నేనే తిప్పుకుంట అను. నీ మీద చెయ్యి పడకుంట నేను చూసుకుంట. పిల్లకు మచ్చ రాదు, పోయి సంసారం చేసుకుంటది. అయిపాయె."

"నేను చెయ్యలేదురా."

"చెయ్యలేదనే నాకూ అనిపిస్తాంది. అయితే గీతలేడికెల్లి వచ్చినయో చెప్పు మరి."

నేను లేచి మగ్గం గుంటలోకి దిగాను. ఆయన వెళ్లిపోయాడు. ఆ ముసలమ్మ సంగతి సగంలో ఎందుకు ఆపాడో పంతులమ్మను అడిగాను. పేపర్లో చదివానంది. ఏం చదివిందో చెప్పలేదు.

1983 జులై 31, ఆదివారం

ఒప్పుకుంటాను. నిర్ణయం చేసుకున్నాను.

నాకు పోయేదేముంది? వాడలో నాతో ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు మాత్రం మాట్లాడుతున్నారా. పిల్ల మీద పిచ్చిదన్న పేరు పడదు. మొగుడు వదలడు. ఒట్టు తప్పను. ఇంత తేలిక దారి ముందే ఎందుకు తోచలేదో.

ఈ రాత్రి నిద్ర పడుతుంది.

1983 ఆగస్టు 1, సోమవారం

పట్టలేదు.

1983 ఆగస్టు 2, మంగళవారం

పిల్లతో చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. బువ్వ తినే పళ్లెం కింద పెట్టేసింది.

"తిప్పుకుంటనని ఒప్పుకుంటవా?"

"ఆ. తిప్పుకున్న అంట. అయిపోతది."

"యాడ అయిపోతది? మడికొండకు పోయినంక నాకు మళ్లొస్తే?"

"ఎందుకొస్తదే? మందులు మింగుతానవ్, డబ్బా ఎంబడి పంపుతా..."

"వస్తది నాయినమ్మా. నాకెరుక. ఒకపాలి ఆగుతది, ఒకపాలి ఆగది. ఒక్క గీత కనిపిస్తే చాలు, ముసల్ది తిప్పుకోలేదు, మాట తప్పిందని వస్తరు వాళ్లు. ఆడ నేను చెయ్యి కోసుకుంటే ఈడ నిన్ను చంపుతరు." దాని గొంతు పెరగలేదు, అదే నాకు భయమేసింది. "నీ పానం తెచ్చి నా చేతి మీద పెడ్తానవ్. నేనెట్ల మొయ్యాలె? నాకు ఉన్న మోత సాలదా?"

నేను పళ్లెం తీసి లోపల పెట్టాను. ఇంత వయసు వచ్చింది. ఆ మాట నాకు తోచలేదు.

1983 ఆగస్టు 4, గురువారం

నూలు కోసం సొసైటీకి పోయి వచ్చేసరికి చేసుకుంది.

డబ్బా నేల మీదనే ఉంది. గుడ్డ మడతపెట్టినట్టే ఉంది. పక్కన నేను లేను.

కడిగి, కట్టు కట్టి, దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ మందు మార్చింది. "మళ్లీ మొదటికి వచ్చిందని అనుకోవద్దు" అంది. అనుకోలేదు అన్నాను. అనుకున్నాను.

డబ్బా ఉంటే ఏమీ కాదని రాయించానే, అది కొట్టెయ్యి. వద్దు, ఉండనీ. నేను అట్లా అనుకున్నది నిజమే కదా.

1983 ఆగస్టు 7, ఆదివారం

రేపే. పంతులమ్మ మొదటి నుంచి అంతా చదివి వినిపించింది. ఇంత రాయించి చూస్తే, పెద్దల ముందు చెప్పడానికి పనికొచ్చేది డబ్బా ముచ్చట ఒక్కటే. మిగతాదంతా చెప్పకూడనిదే.

ఒప్పుకోవడం లేదు. నిజం చెప్పడం లేదు. మరి ఏం చెప్తావని పంతులమ్మ అడిగింది. తిడతానన్నాను.

అలసిపోయాను. కాళ్లు కాదు, లోపల.

1983 ఆగస్టు 9, మంగళవారం

నిన్నటిది రాయి. ఏదీ వదలొద్దు.

సంఘం ఇంటి ముందు చాపలు వేశారు. మగ్గాల చప్పుడు లేని కాశిబుగ్గ వేరే ఊరిలాగా ఉంటుంది. మడికొండ నుంచి యాదవ్వ, వెంకట్రాజం, కొందరు పోరగాళ్లు వచ్చారు. సిద్దిరాములు మధ్యలో కూర్చున్నాడు, నా ముఖం చూడలేదు.

"మల్లవ్వా, నీ మనవరాలి చేతి మీద గీతలేడియి?"

నేను నోరు తెరిచాను. రాయించినదంతా పోయింది. ఒక్క మాట లేదు, ఒక్క తిట్టు కూడా రాలేదు. నా బతుకులో నా నోరు నన్ను వదిలిపెట్టింది నిన్న ఒక్కనాడే.

"చూసిండ్రా! పలుకదు!" యాదవ్వ లేచింది. "పలికితే మంత్రం బయటపడ్తదని!"

అప్పుడు నా వెనక నుంచి సారలమ్మ వచ్చింది. గాజులు తీసి వచ్చింది. ఒక్కటి లేదు చేతికి. చెయ్యి చాచి నిలబడింది.

"ఇవి నాయినమ్మ చేసినయి గాదు. నేనే చేసుకున్న. నా చేత్తోటి నేనే. పెండ్లి గాకముందుకెల్లి."

అంత మందిలో దాని మొగుడు ఒక్కడే తల ఎత్తి దాన్ని చూశాడు.

"ఎందుకు బిడ్డా?" అని సిద్దిరాములు మెల్లగా అడిగాడు.

"నాకు సుత మంచిగ తెల్వది పెదనాయినా. లోపట మోత ఆగదు. దవాఖానకు పోతాన్న. ఆగుతదన్నరు."

యాదవ్వ నెత్తి కొట్టుకుంది. "గిది ముసల్ది పలికిస్తాంది! బాణామతి పెట్టినోళ్లు నోట్ల మాట గూడ పెడ్తరు! ఆ డబ్బాల ఉన్నది మంత్రమంతా!"

పోరగాళ్లు లేచారు. ఇద్దరు ఉరికి నా ఇంట్లోంచి డబ్బా తెచ్చి మధ్యలో పెట్టారు. ఒకడి చేతిలో కట్టె. సిద్దిరాములు కట్టె పట్టుకున్నాడు. తగవంటే భయపడే మనిషి అన్నాను కదా. కట్టెను మాత్రం వదల్లేదు.

"పగలగొడితే లోపట ఏమున్నదో ఎట్ల తెలుస్తది? నేను చూస్త."

"చూడకయ్యా, నీకు తగుల్తది!" అని ఆయన పెండ్లాం అరిచింది. ఆయన పీట మీద కూర్చుని గుడ్డ కప్పుకున్నాడు. అంత పెద్దమనిషి వీపు ఒక్కటే కనిపిస్తోంది.

అప్పుడొచ్చింది నాకు గొంతు. ఎక్కడి నుంచో మరి. పిడి పట్టుకున్నాను.

"పొగబండి వస్తాంది సిద్దిరాములూ, జర కాళ్లు దగ్గరికి పెట్టుకో. వరంగల్ టేసన్ల ఆగింది. ఎక్కు. టికెట్ ఉన్నదా? లేదు, ఎప్పటిలెక్కనే లేదు. టీసీ వస్తాండు, పండుకున్నట్టు చెయ్యి..."

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. మేడారంలో చూసినవాళ్లు, చిన్నప్పుడు అమ్మ చంకలో నుంచి చూసినవాళ్లు. లక్ష్మీనర్సమ్మ, "ఇంక కాశీ వస్తది, ఆ తర్వాత సముద్రం" అంది, నాకంటే ముందు. నేను పిడి తిప్పుతూనే ఉన్నాను. సిద్దిరాములు బయటికి రాలేదు. పెండ్లాం భయపడి గుడ్డ లాగబోతే లోపల నుంచి, "ఉండవే, సముద్రం దగ్గరున్న" అన్నాడు.

బయటికి వచ్చాక ముఖం తుడుచుకుని చెప్పాడు. "లోపట పాత బొమ్మలున్నయి. చీకటున్నది. ఈ ముసలమ్మ గొంతున్నది. ఇంకేం లేదు. పిల్ల చెప్పేది పిల్ల చెప్పింది. ముసలమ్మనే ఆ మాట నోట్ల పెట్టింది అంటే, ఇయ్యాలటి నుంచి ఏ ఆడపిల్ల చెప్పిన మాటైనా అట్లనే అనాలె మనం. లేవుండ్రి."

"నేను నమ్మ!" అంది యాదవ్వ. "నువ్వు గూడ చూడు" అని సిద్దిరాములు అంటే, "నా తల నేను పెట్ట" అంది. కొడుకును లేపింది. వెంకట్రాజం అమ్మ వెంట బస్టాండు దిక్కు పోయాడు. వెనక్కి చూడలేదు.

నా మీద నింద పోయింది. పిల్ల పిచ్చిదన్న మాట రాత్రికే నల్లా దాకా పోయింది.

1983 ఆగస్టు 11, గురువారం

శ్రావణం వచ్చింది. కోడళ్లందరినీ తీసుకుపోతున్నారు. మా వాకిలికి ఎవరూ రాలేదు. పిల్ల గాజులు మళ్లీ వేసుకోలేదు. రానివాడి కోసం నేను చూడడం లేదు. పీట వాకిట్లో వేసుకున్నది గాలి కోసం.

1983 ఆగస్టు 14, ఆదివారం

గాలి కోసమే వేసుకుని కూర్చుంటే, మధ్యాహ్నం వెంకట్రాజం వచ్చాడు. ఒక్కడే. నేను లేవలేదు. ఏం అంటాడో అననీ అని కూర్చున్నాను.

"అవ్వా, దవాఖానకు మళ్లెప్పుడు పోవాలె?"

"ఎవరు పోవాలె?"

"మేము."

చెప్పాను, బేస్తవారం అని. మిల్లులో రాత్రి పాళీ మార్పించుకుంటానన్నాడు. లోపలికి పోయి పిల్ల దగ్గర కూర్చున్నాడు. తర్వాత వాడే అడిగాడు.

"నేను పక్కన పండుకున్నప్పుడు గూడ వస్తదా?"

"వస్తది."

"మరి లేపాలె గదనే."

"లేపి ఏమని చెప్పాలె?"

"ఏం చెప్పకు. లేపు."

వీడు మందబుద్ధి అని పెండ్లినాడే అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటాను. కానీ పిల్ల సంచి సర్దుకుంటే ఆపలేదు. డబ్బా తీసుకుపొమ్మన్నాను. "అత్తమ్మ ఇంట్లకు రానియ్యదు" అంది పిల్ల. నిజమే.

1983 ఆగస్టు 23, మంగళవారం

ఏ కబురూ లేదు. కబురు లేకపోవడం మంచిదేనంటుంది పంతులమ్మ. ఆమె చదువుకున్నది, ఆమెకు అట్లా తోస్తుంది.

1983 సెప్టెంబర్ 2, శుక్రవారం

యాదవ్వ వచ్చింది. కిటికీ దగ్గర కాదు, సరాసరి గడప దాటి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్ల వెంట లేదు.

"ఏమైందే? పోరి ఏది?"

"ఇంట్లున్నది నీ మహారాణి, పండుకున్నది. నీళ్లియ్యి ముందు."

తాగింది. తర్వాత మొదలుపెట్టింది.

"ఇదేం పిల్లనిచ్చినవే నాకు! పోయిన వారం ఒకపాలి చేసుకున్నది, కట్టు కట్టిన, ఏం అనలే నేను, నా కొడుకు అనొద్దన్నడు. ఇగ నిన్న! పొద్దుగాల పొయ్యి మీద ఎసరు పెట్టిన. వచ్చి నా ముందర నిలబడి, అత్తమ్మా నాకు మోత వస్తాంది అన్నది. వస్తే నేనేం చెయ్యాలె? నేను డాక్టర్నా? నాకు కాళ్లు చేతులు ఆడలే. కూసో అన్న. కూసున్నది. చెయ్యి పట్టుకున్న, యాడికి పోతదో అని. ఇడిస్తే భయం. ఇగ ఏం మాట్లాడాలె దానితోని? నీ అసొంటి కతలు నాకు రావాయె. నా పెండ్లి ముచ్చట చెప్పిన. మా అత్త నన్నెట్ల సతాయించిందో చెప్పిన. మా మేకను ఎవడు ఎత్తుకపోయిండో చెప్పిన. మేక ముచ్చట రెండుపాల్లు చెప్పిన, మళ్ల చెప్పు అన్నది. ఎసరు ఇంకి గిన్నె మాడింది. ఇంటిల్లిపాది పస్తు. మాట్లాడి మాట్లాడి నా దవడలు పడిపోయినయి. పొద్దు నెత్తి మీదికి వచ్చినంక, అత్తమ్మా ఇగ పోయింది అని లేచి ముఖం కడుక్కున్నది."

"చేసుకోలేదా?" అన్నాను.

"ఎట్ల చేసుకుంటది? చెయ్యి నా చేతులనే ఉండె గద! నా ఏళ్లు ఇప్పటికి సుత సాగుతలేవు, చూడు." వంగిన వేళ్లు చూపెట్టింది. "ఇంక నెలకు ఎన్నిపాల్లు నేనిట్ల కూసోవాలె? మగ్గమెవ్వరు నేస్తరు? వంటెవ్వరు చేస్తరు? చెప్పకుంట ఇచ్చినవ్ గదనే పిల్లను, నీకు సిగ్గులేదా, నీ నోరు పడిపోను..."

జవాబు ఇవ్వాలి. నాకు వచ్చినన్ని తిట్లు ఆమెకు రావు. నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆమె తిడుతూనే ఉంది, గొంతు అలలాగా పైకి పోయి కిందికి వస్తోంది. ఎన్నాళ్ల నిద్రో మరి, కూర్చున్నచోటే నా కళ్లు మూతపడ్డాయి.